అక్కపడవ మీద సుద్దగీత

బస్సు డిపోలో బ్రేకులు చూసే ఆ మనిషికి రెండు చెవులూ ఒకేసారి నిద్రపోవు. ఒకటి కునుకు తీస్తే రెండోది కాపలా కాస్తుంది. కుళాయి బొట్టు, కిటికీ రెక్క చప్పుడు, ఫ్రిజ్జు మూలుగు, పక్కగదిలో కూతురి ఊపిరి, ఏదీ ఆ రెండో చెవిని దాటి పోదు. పొద్దున్నే ఇంటికి తాళం వేసి ఒకసారి లాగి చూస్తాడు. మెట్లు దిగుతాడు. మళ్లీ ఎక్కి ఇంకోసారి లాగుతాడు. అలా లాగి లాగి ఒకరోజు గొళ్లెమే ఊడి చేతికొచ్చింది. దొంగలు చేయలేని పని ఇంటాయనే చేశాడని పక్కవాటా వాళ్లు పడీ పడీ నవ్వారు. ఆ రోజు ఇంటికొచ్చి ఉన్న మరదలు, "నీకు ఇంట్లో పెట్టిన పేరు చాలట్లేదు బావా," అని, 'బిగింపు బావ' అని పిలవడం మొదలెట్టింది. పేరు అతుక్కుపోయింది.

నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. ఆయన చేతి కింద నుంచి రోజూ బస్సులు వెళ్తాయి. వాటిలో బడిపిల్లలుంటారు, నెలలు నిండిన ఆడవాళ్లుంటారు, కిటికీకి తల ఆనించి నిద్రపోయే ముసలాళ్లుంటారు. ఆ నిద్రకి పూచీ ఆయనది. 'వదులు' అన్న మాట ఆయన చెవికి తిట్టుతో సమానం. చక్రం విప్పి బ్రేకు డ్రమ్మును సుత్తితో తట్టి వింటాడు. బాగుంటే గంటలా మోగుతుంది. వెంట్రుకంత పగులున్నా గొంతు బొంగురుపోతుంది. ఆ బొంగురు ఎవరి చెవిన పడితే వాళ్లు బస్సు అద్దం మీద సుద్దతో అడ్డగీత గీయాలి. గీత పడ్డ బస్సును, బాగుచేశాక పరీక్షకి తిప్పి చూడటానికి తప్ప, మేనేజరు చెప్పినా ఎవరూ కదిలించరు. గీసినవాడే వచ్చి తన చేత్తో తుడవాలి. ఆ నియమం ఎక్కడా రాసి లేదు. డిపో పుట్టినప్పటి నుంచీ అలా నడుస్తోంది. అందుకే ఆయన జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా సుద్దముక్క ఉంటుంది. ఉతికి ఆరేసిన ప్రతి చొక్కాకీ జేబు అడుగున చిన్న తెల్లమబ్బు ఉంటుంది.

ఆయనకి నీళ్లంటే భయం. ఈత రాదు. నేల కదలదు కాబట్టి నేల మీద నమ్మకం. అలాంటివాడు పోయి పోయి పడవలో పెరిగిన అమ్మాయిని చేసుకున్నాడు.

ఆవిడ తండ్రి డ్రాయింగు మాస్టారు. బడి వదిలాక పెరట్లో కూర్చుని, ప్లైవుడ్ పలకలు కోసి, అతికించి, సొంతంగా పడవ చేసుకున్నాడు. మామూలు పడవ కాదు. సన్నటి రెండు పడవల్ని పక్కపక్కన నిలబెట్టి, మీద అడ్డదూలాలు వేసి, మధ్యలో మందపాటి గుడ్డ పరిచి కట్టిన జంటపడవ. కాటమరాన్ అంటారు. ఎడమదానికి అక్కపడవ అని, కుడిదానికి చెల్లిపడవ అని పేర్లు పెట్టాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడపిల్లలు మరి. వాళ్లు ఎవరి పడవలో వాళ్లు కూర్చుని, మధ్యలో తండ్రిని పెట్టుకుని, గాలితో పాటు పెరిగారు.

మాస్టారు పోయాక జంటపడవ పాయ ఒడ్డున ఒక రేకుల షెడ్డులో బోర్లా పడుకుంది. దాని మీద టార్పాలిన్, టార్పాలిన్ మీద దుమ్ము, దుమ్ము మీద పావురాలు. వానలు మొదలయ్యేలోపు తీసేయకపోతే పొయ్యికట్టెల కింద కొట్టించేస్తానని షెడ్డు యజమాని కబురు పెట్టాడు. చివరిసారి చూసొస్తానని భార్య కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆవిడ అరచేతుల నిండా పాత రంగు పెచ్చులు, కళ్లల్లో ఎక్కడిదో వెలుతురు.

"దాన్ని బాగుచేద్దామండీ. తేలితే రేవులో కట్టేసుకోవచ్చు," అంది. "సెలవుల్లో అందరం పాయ మొగ అవతల దీపస్తంభం దిబ్బ దాకా వెళ్లొద్దాం."

"అందరం అంటే? మనమా?"

"మనమే. మీరు రానంటే నేనూ పాపా వెళ్తాం. చెల్లి ఎలాగూ తయారుగా ఉంది."

వద్దనడానికి ఆయనకి నోరు రాలేదు. సరే అనడానికి గుండె రాలేదు. భార్యకీ కూతురికీ, లోతు తెలియని నీళ్లకీ మధ్య చిటికెన వేలి మందం లేని చెక్క. ఆ చెక్కకి ఎవరో ఒకరు పూచీ పడాలి. "పని మాత్రం నా చేతుల మీదుగా జరగాలి," అన్నాడు చివరికి.

ఆదివారాలన్నీ షెడ్డుకి పోయాయి. మొదటి పని తట్టడం. డాక్టరు వీపు మీద తట్టినట్టు, స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టి, చెవి ఆనించి విన్నాడు. గట్టి చెక్క టక్కుమని జవాబిచ్చేది. పుచ్చిన చోట చప్పుడు లోపలికి ఇంకిపోయేది, అడిగిన మాటకి తల దించుకున్న మనిషిలా. అలాంటి చోటల్లా సుద్దతో చుట్టాడు. సాయంత్రానికి అక్కపడవ ఒళ్లంతా చుట్లే.

"మా అక్కకి ఆటలమ్మ పోసినట్టుంది," అంది మరదలు. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలు, రోజంతా పుచ్చులు చూసే మనిషి. "తవ్వు బావా. మంచి చెక్క తగిలేదాకా తవ్వు. పైపైన పూడ్చావంటే లోపల్లోపల తింటూ కూర్చుంటుంది."

కూతురు ఉబ్బిన చోట గోటితో గీరి అరిచింది. "నాన్నా, ఇది చెక్క కాదు, పుస్తకం! పేజీలు పేజీలుగా ఊడొస్తోంది."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ పేజీల మధ్య నల్లటి బూజు చూసి, అక్కడ ఇంకో సుద్దచుట్టు గీశాడు.

పుచ్చినదంతా కోసి తీశారు. మిగిలిన అంచుల్ని ఏటవాలుగా చిత్రిక పట్టి, కొత్త పలకల అంచుల్నీ అలాగే పట్టి, జిగురు పూసి ఒకదాని మీద ఒకటి వాల్చి అతికించారు. లోపల పక్కటెముకల్లా నిలబడే అడ్డపలకల్లో పాడైనవి మార్చారు. ఆ పైన ఫైబర్ గుడ్డ పరిచి, ఆరితే రాయిలా గట్టిపడే రెసిన్ జిగురు పూశారు. తెల్లటి గుడ్డ రెసిన్ తాగి, పాలమబ్బు విడిపోయినట్టు కళ్ల ముందే మాయమై, కింది చెక్క రేఖలు మళ్లీ పైకి తేలేవి. ఆ క్షణం ఆయనకి ప్రాణం లేచొచ్చేది. మరుక్షణం అనుమానం. ఒక పొర చాలుతుందా? ఇంకో పొర వేసేవాడు. మూలలకి పట్టీలు. పట్టీల మీద పట్టీలు.

"ఇది పడవా బావా, బ్యాంకు లాకరా?"

"నీళ్లు లోపలికి రాకూడదు కదమ్మా."

"నీళ్ల సంగతి సరే. ఇంకో రెండు పట్టీలు కొట్టావంటే ఇది నీళ్లలో కాదు, ఈ షెడ్డు నేలలోనే మునుగుతుంది."

ఆవిడ ఆ మాటలు ఎన్ని అన్నా సాండ్‌పేపర్ పట్టిన చెయ్యి మాత్రం ఆపేది కాదు. రెప్పల మీద దుమ్ము తెల్లగా పేరుకుని, అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక్క పూటలో ముసలాళ్లయిపోయినట్టు కనపడేవారు. ఆ దుమ్ములో ఒకరి ముఖంలో ఒకరికి తండ్రి కనపడేవాడేమో, ఉన్నట్టుండి ఇద్దరూ మాటలు ఆపేసేవారు.

అసలు పేచీ తాళ్ల దగ్గర వచ్చింది.

రెండు పడవలకీ రంగు ఆరాక, అడ్డదూలాల్ని వాటి మీద పెట్టి బిగించే రోజున, భార్య సంచిలోంచి తాడు చుట్టలు తీసింది. ఆయన వాటికేసి పాముని చూసినట్టు చూశాడు.

"ఇదేంటి?"

"దూలాలు కట్టడానికి. నాన్న తాళ్లతోనే కట్టేవాడు."

"తాడు బట్టలారేసుకోవడానికి. మనుషులెక్కేదానికి నట్టూ బోల్టూ ఉండాలి. రేపు నడి నీళ్లలో ఊడితే?"

"నా చిన్నతనమంతా ఊడలేదు."

"మీ అదృష్టం బాగుండి ఊడలేదు. అదృష్టం మీద బస్సులు నడపరు."

"ఇది బస్సు కాదండీ."

"పాప ఎక్కుతోంది. నాకు రెండూ ఒకటే."

ఆవిడ కాసేపు తాడు చివర పీచులు విడదీస్తూ కూర్చుంది. ఆయన మొండితనం వెనక ఏముందో ఆవిడకి తెలుసు. తెలిసినదాంతో పోట్లాడలేక, "సరే, మీ తృప్తి మీది," అంది. "పాపని ఎక్కించే ముందు మాత్రం మనిద్దరం ఒకసారి తిరిగొద్దాం."

ఆయన ఉక్కు పలకలు కోయించి తెచ్చాడు. బొటనవేలంత బోల్టులు తెచ్చాడు. చెక్కకి బెజ్జాలు వేసి, పలకలు పెట్టి, స్పానర్ మీద ఒళ్లంతా వేలాడి బిగించాడు. దూలం పట్టుకుని ఊపాడు. షెడ్డు కదిలింది గాని దూలం కదల్లేదు. ఆ రాత్రి ఆయన రెండు చెవులూ కలిసి నిద్రపోయాయి.

పడవ నీళ్లలోకి దిగిన ఉదయం పాయ అద్దంలా ఉంది. భార్య తెరచాప ఎత్తింది. ఆయన లైఫ్ జాకెట్ తాళ్లు మూడో ముడి వేసుకుని, దూలం పక్కన ఒదిగి కూర్చున్నాడు. పాయలో ఉన్నంతసేపూ పడవ వెన్నలో కత్తిలా సాగింది. పాయ మొగ దాటి సముద్రంలోకి వచ్చాక అలలు మొదలయ్యాయి. పెద్దవేం కాదు, మోకాలెత్తు. పడవ ఒక్క ముక్కగా లేచి ఒక్క ముక్కగా పడుతోంది. పడ్డప్పుడల్లా ఆయన పళ్లు కొట్టుకుంటున్నాయి.

"చూశావా, ఎక్కడా ఇంచు కదలట్లేదు," అన్నాడు, ఉన్న భయాన్ని గర్వం కింద దాచి.

"అదే నాకు నచ్చట్లేదు," అంది ఆవిడ.

మలుపు తిరుగుతున్నప్పుడు, తెరచాప ఇటునుంచి అటు కొట్టుకునే గోలలో, ఆయన కాళ్ల కింద ఎక్కడో 'టిక్' అంది. వేలు విరిచినంత చప్పుడు.

ఒడ్డుకొచ్చి పడవని షెడ్డులోకి లాక్కొచ్చాక ఆవిడ అడిగింది. "మీకేమైనా వినపడిందా?"

"తెరచాప కర్ర అయ్యుంటుంది."

అని తేలిగ్గా అనేశాడు గాని, ఆ చిన్న చప్పుడు ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది. మర్నాడు అందరూ కలిసి దిబ్బకి వెళ్లాలి. కూతురు అప్పుడే సంచి సర్దేసింది. అందులో టార్చిలైటు, గవ్వలకి ఖాళీ డబ్బా, అమ్మ పాత టోపీ. తన తలకి మూడు వేళ్లు వదులైన ఆ టోపీని అద్దం ముందు పెట్టుకుని చూసుకుంటోంది. ఆయన అన్నం ముందు కూర్చుని, లేచి, "తాళం మరిచిపోయా," అని షెడ్డుకి బయల్దేరాడు. తాళం జేబులోనే ఉంది.

మిట్టమధ్యాహ్నం. రేకులు వేడికి టపటపమంటున్నాయి. ఆయన స్క్రూడ్రైవర్ తిప్పి పట్టుకుని ముక్కు దగ్గర నుంచి తట్టడం మొదలెట్టాడు. టక్. టక్. టక్. ఒక్కొక్క జవాబుకీ ఒక్కొక్క ఊపిరి. ముందు దూలం దగ్గరికొచ్చేసరికి, తను బిగించిన ఉక్కు పలక పక్కన, అక్కపడవ గొంతు బొంగురుపోయింది.

మళ్లీ తట్టాడు. మళ్లీ అదే.

టార్చి పట్టుకుని లోపలికి దూరి చూశాడు. కొత్తగా పెట్టిన అడ్డపలకలో, బోల్టు మొదట్లోంచి, జానెడు పొడుగున సన్నటి పగులు. పుచ్చు కాదు. పాత చెక్క కాదు. మంచి చెక్క, తను ఎంచి తెచ్చిన చెక్క, తను బిగించిన చోటే చీలింది.

ఆయన అక్కడే చతికిలబడ్డాడు. మెల్లగా అర్థమైంది. అల వచ్చి ముందు అక్కపడవని ఎత్తుతుంది. చెల్లిపడవ ఇంకా పల్లంలోనే ఉంటుంది. తాడైతే కాస్త సాగి, కాస్త మూలిగి, 'నువ్వు పదవే, నేనొస్తున్నా' అని సర్దుకుంటుంది. బోల్టు సర్దుకోదు. అల బలమంతా ఎటూ పోలేక, బోల్టు మొదట్లో చేరి చెక్కని నమిలింది. ఏ గట్టితనం చూసుకుని నిద్రపోయాడో ఆ గట్టితనమే పడవని చీలుస్తోంది. పాత గొళ్లెం మళ్లీ ఊడి చేతికొచ్చినట్టయింది.

పక్కనే ఇంకో ఉక్కు పలక మిగిలి ఉంది. పగులు మీద సరిగ్గా సరిపోతుంది. పైన ఒక చెయ్యి రంగు వేస్తే కంటికి ఆనదు. రేపొక్కరోజే కదా, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. పిల్ల టోపీ పెట్టుకుని చూసుకుంటోంది. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ ఆ పలకని అందుకుంది, బరువు కూడా చూసింది. చల్లగా, నమ్మకంగా ఉంది ఇనుము.

అలా వంగడంతో జేబులోంచి సుద్దముక్క జారి పడవ అడుగున పడింది.

ఆయన పలక కింద పెట్టేశాడు. సుద్దముక్క తీసుకుని బయటికొచ్చి, అక్కపడవ చెంప మీద, నీలిరంగు మీద, ఈ చివర నుంచి ఆ చివరికి అడ్డంగా గీత గీశాడు. చెంప ఒంపు తిరిగి ఉండటంతో గీత వంకరపోయింది.

సాయంత్రం నీళ్ల డబ్బాలతో, సంచులతో ముగ్గురూ వచ్చేసరికి ఆయన ఆ గీత కింద కూర్చుని ఉన్నాడు. భార్య గీతని చూసింది, ఆయన్ని చూసింది. డిపో పద్ధతి ఆవిడకి తెలుసు. చేతిలో డబ్బా మెల్లగా దించింది.

"పొద్దున వినపడింది," అన్నాడు. "నీకు అబద్ధం చెప్పా. నేను బిగించిన చోటే పగిలింది."

కూతురికి పగులు అక్కర్లేదు. "అంటే రేపు వెళ్లమా? నువ్వే పాడుచేశావు నాన్నా! అమ్మ తాడు కడతానంటే వద్దన్నావు!" అని టోపీ తీసి నేలకేసి కొట్టింది.

పిల్ల అన్నదాంట్లో అక్షరం తీసేయడానికి లేదు.

"ఊరుకోవే," అంది మరదలు, టోపీ తీసి దులిపి మళ్లీ పిల్ల నెత్తిన పెడుతూ. "చెప్పాడు కాబట్టి పొడి నేల మీద నిలబడి ఏడుస్తున్నావు. చెప్పకపోతే రేపు నీళ్లలో ఏడ్చేదానివి." తర్వాత బావకేసి తిరిగి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, "లే బావా. తవ్వుదాం," అంది.

బోల్టులన్నీ విప్పారు. చీలిన అడ్డపలక తీసి కొత్తది వేశారు. బెజ్జాలు పూడ్చారు. ఈలోగా ఆకాశంలో మబ్బులు అటూ ఇటూ తచ్చాడటం మొదలెట్టాయి. షెడ్డు యజమాని ఒకసారి తొంగి చూసి, మబ్బుకేసి ఒక చూపు, పడవకేసి ఒక చూపు చూసి పోయాడు.

తాళ్లు కట్టే పని ఒక్క చేతి వల్ల కాదు. ఒకరు చుట్టాలి, ఒకరు లాగాలి. అక్కాచెల్లెళ్లు దూలానికి చెరోవైపు కూర్చున్నారు. ఇన్నేళ్లయినా వాళ్ల చేతులు మరిచిపోలేదు. ఒక కట్టు కట్టి, రెండోది ఆయనకి వదిలారు. ఆయన కాలు తన్నిపెట్టి లాగాడు.

"పీక పిసుకుతున్నావు బావా! ఊపిరాడనీ."

"మరి వదులైతే?"

"వదులు కాదండీ," అంది భార్య. కట్టిన తాడు మీద అరచేత్తో చరిచింది. లోతుగా ఒక మూలుగు వచ్చింది. "వినండి. నాన్న ఇలాగే చరిచి వినేవాడు. మూలగాలి గాని అరవకూడదనేవాడు. మీది అరుస్తోంది."

ఆయన చెవి ఆనించి విన్నాడు. నిజంగానే అరుస్తోంది. కాస్త వదిలాడు. చరిచాడు. ఇంకాస్త వదిలాడు. చివరికి తాడు మూలిగింది. జీవితంలో మొదటిసారి ఒక ముడిని తనకి తృప్తి కలిగే దాకా బిగించకుండా వదిలేశాడు. ఆ వేళ్లని ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

ఈసారి పెద్దవాళ్లు ముగ్గురే ముందు తిరిగొచ్చారు. దారంతా ఆయనకి నిప్పుల మీద కూర్చున్నట్టే ఉంది. కింద పడవలు రెండూ ఒకటి లేస్తే ఒకటి దిగుతున్నాయి, దూలాలు అటూ ఇటూ ఒరుగుతున్నాయి, తాళ్లు ఆపకుండా గొణుగుతున్నాయి. కదులుతున్నదాన్ని నమ్మడం ఆయనకి కొత్త. ఒడ్డుకొచ్చాక తట్టాడు. ముక్కు నుంచి తోక దాకా, మళ్లీ తోక నుంచి ముక్కు దాకా. ఎక్కడా బొంగురు లేదు.

సెలవుల ఆఖరి ఆదివారం. గాలి మెత్తగా ఉంది, మబ్బు దూరంగా ఉంది. అందరూ జాకెట్లు వేసుకుని, పాయ అంచున నీళ్లలోకి దించిన పడవ పక్కన నిలబడ్డారు. నీలిరంగు మీద, తడికి చెరిగిన చోట ఆయన మళ్లీ దిద్దిన ఆ వంకర గీత అలాగే ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"మీ గీత," అంది భార్య. "మీరు తుడిస్తేనే వెళ్తాం. లేదంటే సంచులు తీసుకుని ఇంటికెళ్దాం. నేనేమీ అనుకోను."

ఆయనకి ఆ మాట అన్నిటికన్నా బరువైంది. తుడవనంటే ఆ పూట గడిచిపోతుంది, పిల్ల అలిగి రెండు రోజులకి మరిచిపోతుంది, వానలొస్తాయి, పడవ పొయ్యిలోకి పోతుంది. అందరూ నేల మీద క్షేమంగా ఉంటారు. ఆయన మళ్లీ ఒకసారి తాళ్లు చరిచి విన్నాడు. మూలిగాయి. కూతురికేసి చూశాడు. పిల్ల నీళ్లకేసి కాదు, ఆయన చేతికేసి చూస్తోంది.

ఆయన వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకున్నాడు. గీత మీద పోసి, అరచేత్తో తుడిచాడు. సుద్ద పాలలా జారి పాయలో కలిసిపోయింది.

పాయ మొగ దాటేటప్పుడు మొదటి అల వచ్చింది. అక్కపడవ లేచింది. ఆయన గుండె దానితో పాటు లేచి, చెల్లిపడవ లేచేదాకా దిగలేదు. ఒక చెయ్యి ముందు దూలం కట్టు మీద వేసి, దాని నాడి చూస్తున్నట్టు కూర్చున్నాడు. వెనక భార్య చుక్కాని పట్టుకుని ఉంది. జుట్టు ముఖం మీద పడుతున్నా తోసుకోవడం లేదు. మరదలు చెల్లిపడవ మీద కాళ్లు చాపుకుని, పెద్ద హక్కున్నదానిలా కూర్చుంది. కూతురు టోపీని ఒక చేత్తో పట్టుకుని ఆయన పక్కకి జరిగింది.

"నాన్నా, ఏం వినపడుతోంది?"

ఆయన తల వంచి విన్నాడు. తాళ్లు కిర్రు కిర్రుమంటున్నాయి, ఒకటి ఆగితే ఒకటి.

"మీ అమ్మా, మీ పిన్నీ పోట్లాడుకుంటున్నట్టుంది."

"అంటే మంచిదేనా?"

"మంచిదే. మాటలు ఆగిపోతేనే భయపడాలి."

అన్నాడు గాని, దిబ్బ మీద ఇసుక కాలికి తగిలేదాకా ఆ తాడు మీంచి చెయ్యి మాత్రం తీయలేదు.